చూపు దారిపైన, చేయి మీటపైన

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రాలు లేని జీవితాన్ని ఊహించలేని కాలమిది. యంత్రం మనిషికి లోబడి ఉండాలా, మనిషి యంత్రానికి ఒదిగి ఉండాలా అన్న ప్రశ్న ప్రతి తరానికీ కొత్త రూపంలో ఎదురవుతుంది. ఆధునిక కార్లలో మీటల స్థానాన్ని టచ్‌స్క్రీన్ ఆక్రమించడం వలన కలిగిన లాభనష్టాలను ఇంద్రియధర్మాల దృష్టితో పరిశీలించడం, యంత్రనిర్మాణంలో మానవ స్వభావాన్ని గుర్తించవలసిన ఆవశ్యకతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

సారథ్యం

మన పురాణేతిహాసాలలో సారథికి విశిష్టమైన స్థానం ఉంది. రథికుడు ఎంతటి పరాక్రమవంతుడైనా సారథి నేర్పరి కానప్పుడు ఆ పరాక్రమం అక్కరకు రాదు. మహాభారతంలోని నలోపాఖ్యానంలో నలమహారాజు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో చేరి, ఆయన రథాన్ని విదర్భకు తోలే ఘట్టం ఉంది. దారిలో ఋతుపర్ణుని ఉత్తరీయం జారి పడింది. దానిని తెచ్చుకోవడానికి రథాన్ని నిలపమని రాజు కోరాడు. అది పడిన చోటు అప్పటికే ఒక యోజన దూరం వెనుకబడిపోయిందని బాహుకుడు బదులు చెప్పాడు. రాజు మాట్లాడిన ఆ కొద్దిపాటి వ్యవధిలో రథం అంత దూరం దాటిపోయింది.

ఈ కథలో అతిశయోక్తి ఉన్నా ఒక సత్యం కూడా ఉంది. వేగం పెరిగినకొద్దీ క్షణానికి విలువ పెరుగుతుంది. అటువంటి వేగంలో సారథి చూపు దారిమీద, గుర్రాలమీద నిలిచి ఉంటుంది. పగ్గాలు చేతిలో ఉంటాయి. ఏ పగ్గం ఏ గుర్రానిదో అతని వేళ్ళకు తెలుసు. పగ్గం ఎక్కడుందో కళ్ళతో వెతుక్కొనేవాడు సారథి కాలేడు.

నేటి కారు నడిపే వ్యక్తి కూడా సారథియే. అతని చేతికింద గుర్రాలకు బదులు ఇంజనూ, పగ్గాలకు బదులు స్టీరింగూ, మీటలూ ఉన్నాయి. అయితే గడచిన కొన్ని సంవత్సరాలలో ఆ మీటలు ఒక్కొక్కటిగా అదృశ్యమై, వాటి స్థానంలో పలకవంటి గాజుతెర ఒకటి వచ్చి నిలిచింది. గాలి కావాలన్నా, పాట కావాలన్నా, కొన్ని కార్లలో అద్దం తుడిచే వైపర్ వేగం మార్చాలన్నా ఆ తెరనే తాకాలి. ఈ మార్పు సారథి పనిని సులభం చేసిందా, కష్టతరం చేసిందా అన్నది ఆలోచించదగిన విషయం.

ఇంద్రియాల పని విభజన

మన ప్రాచీన శాస్త్రకారులు మానవేంద్రియాలను జ్ఞానేంద్రియాలు, కర్మేంద్రియాలు అని రెండు విధాలుగా విభజించారు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అనేవి తెలుసుకొనే ఇంద్రియాలు. చేయి, కాలు మొదలైనవి పనిచేసే ఇంద్రియాలు. ఈ విభజనలో చేతికి ఒక విశేషం ఉంది. చేయి కర్మేంద్రియం కాగా, దానిని కప్పి ఉన్న చర్మం జ్ఞానేంద్రియం. అందువలన చేయి ఒకే సమయంలో పని చేస్తుంది. తాను చేస్తున్న పనిని తెలుసుకొంటుంది కూడా.

ఈ సత్యం మన నిత్యజీవితంలో అడుగడుగునా కనిపిస్తుంది. కరెంటు పోయిన రాత్రి వంటింట్లోకి వెళ్ళిన తల్లి అగ్గిపెట్టెను తడిమి తీసుకొంటుంది. వీణ వాయించే విదుషి మెట్లను లెక్కపెట్టి చూసుకోదు. వేళ్ళే స్వరస్థానాన్ని పట్టుకొంటాయి. కంప్యూటర్ కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీటలపై చిన్న గీత ఎత్తుగా ఉండడం మీరు గమనించే ఉంటారు. మీటల సెల్‌ఫోన్లలో 5 అంకెపైన కూడా ఇటువంటి గుర్తు ఉంటుంది. చూపు మరల్చకుండా వేలు తన స్థానాన్ని గుర్తించడానికే ఆ ఏర్పాటు. చూపులేనివారు బ్రెయిలీ లిపిలో గ్రంథాలనే చదువుతున్నారంటే స్పర్శజ్ఞానం ఎంత సూక్ష్మమైనదో వేరే చెప్పనక్కరలేదు.

కారులోని మీట ఈ స్పర్శజ్ఞానాన్ని ఆశ్రయించి పనిచేస్తుంది. దానికి ఒక స్థానం, ఒక ఆకారం, ఒక బిగువు ఉంటాయి. గుండ్రని మీటను తిప్పేటప్పుడు అది ఎంత తిరిగిందో వేళ్ళకు తెలుస్తుంది. బటన్‌ను నొక్కినప్పుడు కలిగే చిన్న కుదుపే పని జరిగిందన్న కబురు. కన్ను ఈ వ్యవహారంలో పాల్గొనవలసిన అవసరం దాదాపుగా లేదు.

గాజుతెరకు ఈ లక్షణాలేవీ లేవు. అంతటా ఒకే నునుపు. దానిపై కనిపించే బొమ్మలకు రూపం కంటికే గాని వేలికి లేదు. పైగా ఒక పుట తరువాత మరొక పుట వచ్చినప్పుడు అదే చోట మరొక బొమ్మ ప్రత్యక్షమవుతుంది. అందువలన వేలు ఎక్కడ మోపాలో కన్ను చూపించాలి. మోపిన తరువాత ఫలితం కలిగిందో లేదో కూడా కన్నే చూడాలి. మీట కన్నుకు విశ్రాంతినిస్తే, తెర కన్నుకు చాకిరి పెంచింది. దారిని చూడడం తప్ప మరొక పని పెట్టకూడని ఇంద్రియానికి ఈ అదనపు భారం మోపడమే ఇక్కడి చిక్కు.

తెర పుట్టుక, పెరుగుదల

టచ్‌స్క్రీన్ నిన్నమొన్న పుట్టినది కాదు. ఇంగ్లండులోని మాల్వర్న్‌లో ఉన్న రాయల్ రాడార్ సంస్థలో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ 1965లోనే దీనిని గురించి వివరించాడు. విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులకు ఉపకరించాలన్నది ఆయన ఉద్దేశం. నేటి తెరలలో గాజు అడుగున పారదర్శకమైన విద్యుద్వాహక పొర ఉంటుంది. మానవశరీరం కూడా విద్యుద్వాహకమే కనుక వేలు తాకిన చోట విద్యుత్ క్షేత్రంలో మార్పు కలుగుతుంది. ఆ మార్పునుబట్టి యంత్రం తాకిన స్థానాన్ని గుర్తిస్తుంది. సాధారణమైన చేతి తొడుగులు వేసుకొన్నప్పుడు ఈ తెర పలకకపోవడానికి కారణం ఇదే.

కారులోకి ఈ తెర 1986లో ప్రవేశించింది. అమెరికాలోని బ్యూక్ సంస్థ తన రివియేరా కారులో గాలి, రేడియో మొదలైన వాటి నియంత్రణకు కాథోడ్ కిరణ గొట్టంతో పనిచేసే స్పర్శతెరను అమర్చింది. చిన్న పనికి కూడా దారి నుండి చూపు మరల్చవలసి వస్తున్నదన్న విమర్శ అప్పుడే వినిపించింది. 1990 నాటి రివియేరాలో ఆ తెర కనిపించలేదు. మీటలు తిరిగి వచ్చాయి.

తరువాత రెండు దశాబ్దాలకు కాలం మారింది. 2007లో వచ్చిన ఐఫోన్ తెరను ప్రపంచానికి అలవాటు చేసింది. 2012లో టెస్లా సంస్థ తన మోడల్ ఎస్ కారులో 17 అంగుళాల నిలువు తెరను అమర్చి, దాదాపుగా అన్ని నియంత్రణలను దానిలోనే ఇమిడ్చింది. 2017లో వచ్చిన మోడల్ 3లో స్టీరింగ్ వెనుక ఉండవలసిన వేగసూచిక కూడా నడిమి తెరలోకి వెళ్ళింది. ఇతర సంస్థలు అదే బాట పట్టాయి. పెద్ద తెర ఆధునికతకు చిహ్నమైంది. మీటలున్న కారు పాతకాలపుదన్న భావం కొనుగోలుదారులలో వ్యాపించింది.

తెరవలన ప్రయోజనాలు

తెరను కేవలం వ్యామోహమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. దానివలన కలిగే మేలు కొంత ఉంది. దారి తెలియని ఊరిలో పటం చూపించడానికి తెరను మించినది లేదు. కారును వెనుకకు నడిపేటప్పుడు వెనుకనున్న పసిపిల్లలను చూపించే కెమెరాకు తెర కావాలి. ఈ కారణంగానే అమెరికాలో 2018 మే నెల నుండి కొత్త కార్లన్నింటిలో వెనుక కెమెరాను, దాని దృశ్యాన్ని చూపే తెరను తప్పనిసరి చేశారు. కారు కొన్న తరువాత కూడా సాఫ్ట్‌వేర్ మార్చి కొత్త సౌకర్యాలను చేర్చవచ్చు. ఒకే తెర పలు భాషలలో మాట్లాడగలదు.

నిర్మాతల దృష్టిలో మరికొన్ని లాభాలున్నాయి. ప్రతి మీటకూ వేరుగా అచ్చు, తీగలు, అమరిక, పరీక్ష అవసరమవుతాయి. వాటన్నింటికీ బదులు ఒక తెర పెడితే విడిభాగాలు తగ్గుతాయి. కుడివైపు స్టీరింగ్ ఉన్న దేశాలకూ, ఎడమవైపు స్టీరింగ్ ఉన్న దేశాలకూ అదే తెర సరిపోతుంది. మీటలు తగ్గడానికి అందం ఎంత కారణమో ఆదా కూడా అంత కారణమని గ్రహించాలి.

అయితే అన్నింటినీ ఒకేచోట చేర్చడంలో ఒక ప్రమాదం దాగి ఉంది. ఒక మీట చెడితే ఒక పని ఆగుతుంది. తెర ఆరిపోతే దానిని నమ్ముకొన్న పనులన్నీ ఆగుతాయి. జ్ఞాపకశక్తి చిప్ అరిగిపోయి తెర పనిచేయకపోవడం వలన వెనుక కెమెరా దృశ్యం, అద్దంపై మంచును తొలగించే ఏర్పాటు మొదలైనవి అందుబాటులో లేకుండాపోతున్నాయని టెస్లా సంస్థ 2021లో అమెరికాలో సుమారు 1,35,000 కార్లను మరమ్మతుకు వెనుకకు పిలిపించవలసి వచ్చింది.

రెప్పపాటులో ఎంత దూరం?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 28 మీటర్లు. అంటే ఆ వేగంలో రెండు సెకన్లపాటు తెరవైపు చూసిన చోదకుడు 55 మీటర్ల దారిని చూడకుండానే దాటిపోయాడన్నమాట. ఋతుపర్ణుని ఉత్తరీయం కథ ఇక్కడ మరల గుర్తుకు వస్తుంది. ఆ దారిలో రోడ్డు దాటే ముసలివారు ఉండవచ్చు. హఠాత్తుగా ఆగిన లారీ ఉండవచ్చు. అడ్డం వచ్చిన గేదె ఉండవచ్చు.

ఈ అపాయాన్ని గుర్తించి అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2013లో కొన్ని మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. కారులోని పరికరంతో చేసే ఏ పనికైనా చూపు ఒకసారికి 2 సెకన్లు, మొత్తం మీద 12 సెకన్లు మించి దారినుండి మరలకూడదన్నది వాటి సారాంశం. ఇవి నిర్బంధమైన చట్టాలు కావు. నిర్మాతలు స్వచ్ఛందంగా పాటించవలసిన నియమాలు మాత్రమే.

2022లో స్వీడన్ దేశపు మోటారు పత్రిక ‘వి బిలాగరే’ ఒక పరీక్ష జరిపింది. వాడుకలో లేని విమానాశ్రయంలో 11 కొత్త కార్లతోపాటు 2005 నాటి పాత వోల్వో వి 70 కారును కూడా గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించారు. ఆ వేగంలోనే ఆసనాన్ని వెచ్చబరచడం, ఉష్ణోగ్రత పెంచడం, కోరిన రేడియో కేంద్రాన్ని పట్టడం, దూరసూచికను సున్నాకు తేవడం, దీపాల కాంతిని తగ్గించడం వంటి పనులను చేయవలసిందిగా చోదకులను కోరారు. కార్లతో పరిచయం కలగడానికి ముందుగానే వారికి సమయమిచ్చారు.

మీటలున్న పాతకారులో ఈ పనులన్నీ 10 సెకన్లలో ముగిశాయి. ఆ వ్యవధిలో కారు 306 మీటర్లు ప్రయాణించింది. కొత్త కార్లలో చివరి స్థానంలో నిలిచిన ఎం.జి. మార్వెల్ ఆర్ కారుకు 44.9 సెకన్లు పట్టింది. ఈలోగా అది 1,372 మీటర్ల దూరం పోయింది. పదిహేడేళ్ళ పాతకారు కొత్తవాటిని ఓడించడం ఆశ్చర్యకరమే. కాని ఇదే పరీక్షలో రెండు కొత్త కార్లు 14 సెకన్ల లోపే పనిని ముగించాయి. వాటిలో ఒకటి తెరపైనే ఎక్కువగా ఆధారపడిన కారు. కనుక దోషం తెర అనే వస్తువులోనే లేదు. దానిలో ఏమి పెట్టాము, ఎన్ని పుటల లోపల దాచాము అన్న వివేకంలో ఉంది.

రెండు ఉదంతాలు

లెక్కలు చెప్పిన విషయాన్నే అనుభవం మరింత కఠినంగా చెప్పింది. జర్మనీలో ఒక చోదకుడు కుండపోత వర్షంలో టెస్లా కారు నడుపుతున్నాడు. వైపర్ ఎంత వ్యవధికి ఒకసారి కదలాలో మార్చడానికి తెరలో వెతకవలసి వచ్చింది. ఆ ప్రయత్నంలో కారు రోడ్డు దిగి గుర్తుబోర్డునూ, చెట్లనూ ఢీకొన్నది. న్యాయస్థానం అతనికి 200 యూరోల జరిమానా, ఒక నెలపాటు కారు నడపరాదన్న నిషేధం విధించింది. 2020లో కార్ల్స్‌రూహె ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును ధ్రువపరిచింది. కారులో బిగించిన తెర కూడా ఎలక్ట్రానిక్ పరికరమేననీ, ఏ పనికోసమైనా దానిని వాడేటప్పుడు పరిస్థితికి తగినట్లు క్షణమాత్రపు చూపుకే అనుమతి ఉందనీ నిర్ణయించింది. ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. వర్షంలో వైపర్‌ను సరిచేసుకోవడం చోదకుని విధి. ఆ విధి నిర్వహణకు తెర తప్ప వేరు మార్గం చూపని నిర్మాణంలో దోషం లేదా? చట్టం శిక్షించినది చోదకుని మాత్రమే.

రెండవ ఉదంతం సముద్రంమీద జరిగింది. అమెరికా నౌకాదళానికి చెందిన జాన్ ఎస్. మెకెయిన్ అనే యుద్ధనౌక 2017 ఆగస్టు 21న సింగపూర్ సమీపంలో అల్నిక్ ఎం.సి. అనే ట్యాంకర్ నౌకతో ఢీకొన్నది. 10 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ యుద్ధనౌకను నడిపే స్థానంలో తెరలు అమర్చి ఉన్నాయి. పనిని ఇద్దరికి పంచే ప్రయత్నంలో దిశను మార్చే అధికారం అనుకోకుండా మరొక స్థానానికి బదిలీ అయింది. చుక్కాని తమ మాట వినడం లేదని నావికులు భ్రమపడ్డారు. వేగం తగ్గించబోగా, రెండు చోదకాలను కలిపి నడిపే ఏర్పాటు తెరమీద జరగనందున ఒకవైపు వేగమే తగ్గింది. నౌక అడ్డంగా తిరిగింది. ఈ ప్రమాదానికి ప్రధాన కారణం శిక్షణలోనూ, పర్యవేక్షణలోనూ జరిగిన లోపాలేనని విచారణ సంస్థ తేల్చింది. అయినా తెరల రూపకల్పన కూడా ఆ గందరగోళానికి తోడ్పడిందని గుర్తించింది. 2019లో నౌకాదళం తన యుద్ధనౌకలలో వేగాన్ని నియంత్రించడానికి మరల చేతితో పట్టి కదిపే మీటలను అమర్చాలని నిశ్చయించింది. చేతితో పట్టే మీట ముందుకు ఎంత జరిగి ఉందో పక్కనున్నవాడికి కూడా కనిపిస్తుంది, పట్టుకొన్నవాడికి తెలుస్తుంది.

పునరాలోచన

ఇటువంటి అనుభవాలు నిర్మాతలను ఆలోచింపజేశాయి. కొత్త కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాల రూపంలో శ్రేణులు ఇచ్చే ‘యూరో ఎన్‌క్యాప్’ అనే సంస్థ 2026 నుండి తన నియమాలను సవరించింది. మలుపును సూచించే ఇండికేటర్లు, హెచ్చరిక దీపాలు, హారన్, వైపర్లు, ఆపదలో సహాయం కోరే పిలుపు - ఈ అయిదింటికీ ప్రత్యేకమైన మీటలు ఉంటేనే వాటికి సంబంధించిన మార్కులు పూర్తిగా లభిస్తాయి. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ రూపకల్పన విభాగాధిపతి ఆండ్రియాస్ మిండ్ట్ 2025లో ఇదే ధోరణిలో మాట్లాడాడు. ధ్వని, రెండు వైపుల వెచ్చదనం, పంకా, హెచ్చరిక దీపం వంటి ముఖ్యమైన వాటికి రాబోయే కార్లలో మీటలు తప్పక ఉంటాయని ప్రకటించాడు.

‘అలవాటు పడితే తెర కూడా సులభమే కదా’ అని కొందరు వాదిస్తారు. అలవాటు వలన పుటల క్రమం గుర్తుంటుంది, నిజమే. కాని నున్నని గాజుపై వేలికి ఆనవాలు దొరకదు. గతుకుల దారిలో చాచిన చేయి నిలకడగా ఉండదు. మరికొందరు, నోటితో ఆజ్ఞాపిస్తే చాలు గదా అంటారు. అది మంచి మార్గమే గాని మన ఉచ్చారణనూ, మన భాషనూ యంత్రం ప్రతిసారీ సరిగా గ్రహించాలి. ఆపదవేళ తప్పు విన్న యంత్రానికి మరల నచ్చజెప్పే వ్యవధి ఉండదు.

మనకు సంబంధించిన పాఠం

ఈ విషయం విదేశాలకు మాత్రమే పరిమితమైనది కాదు. తెరలతో కూడిన కార్లు నేడు మన గడ్డమీదనే తయారవుతున్నాయి. పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారంలో 2019 నుండి కార్లు ఉత్పత్తి అవుతున్నాయి. మన దేశంలో చోదకుడు కుడివైపు కూర్చుంటాడు గనుక నడిమి తెరను ఎడమచేతితో తాకాలి. ఎక్కువమందికి వాటం కుడిచేయి. సూక్ష్మమైన పనిని వాటం లేని చేతికి అప్పగించడం మరొక ఇబ్బంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, వాహనం నడుపుతూ చేతపట్టుకొనే ఫోనువంటి పరికరాన్ని వాడడాన్ని ప్రమాదకరమైన చోదనలో చేర్చింది. చేతిలోని తెర చూపును హరిస్తుందని అంగీకరించినప్పుడు, ఎదుట బిగించిన తెర మాత్రం హరించదని ఎట్లా అనగలం?

కనుక తెరను బహిష్కరించనక్కరలేదు, మీటను త్యజించనక్కరలేదు. చదవవలసిన దానిని తెరకు, కదిలే వేళ చేయవలసిన దానిని మీటకు అప్పగించడమే సమన్వయ మార్గం. పటం, వెనుక దృశ్యం, బండి నిలిపి ఉన్నప్పుడు చేసుకొనే అమరికలు తెరపై ఉండవచ్చు. వానలో, చీకటిలో, రద్దీలో రెప్పపాటులో కావలసినవి చేతికి తగిలే రూపంలో ఉండాలి.

రేపు మీలో కొందరు ఇంజనీర్లు అవుతారు, యంత్రాలను రూపొందిస్తారు. అందరూ ఏదో ఒకనాడు వాహనం నడుపుతారు. కొత్త వస్తువును చూసినప్పుడు ‘ఇది ఎంత కొత్తది?’ అని అడగడంతో ఆగకుండా ‘ఇది నా ఇంద్రియాలలో దేనికి శ్రమ కలిగిస్తుంది? దేనిని ఖాళీగా ఉంచుతుంది?’ అని కూడా అడగండి. వాహనం నడిపే నాడు ప్రయాణానికి ముందే తెరపై చేయవలసినవన్నీ చేసుకోండి. బండి కదిలిన తరువాత ఏదైనా మార్చవలసి వస్తే పక్కన కూర్చున్నవారికి చెప్పండి. ఒంటరిగా ఉంటే బండిని ఒక పక్కన నిలపండి. ఆ కొద్ది క్షణాల ఆలస్యం వలన పోయేది ఏమీ లేదు. నిలపకపోతే పోయేది మనదే కాని, మరొకరిదే కాని, ఒక ప్రాణం కావచ్చు.

కఠిన పదాలు - అర్థాలు

రథికుడు = రథంపై ఉండి యుద్ధం చేసేవాడు
ఉత్తరీయం = పైపంచె, కండువా
యోజన = ప్రాచీనకాలపు దూరమానం
విదుషి = పండితురాలు
బిగువు = గట్టిదనం, పట్టు
పారదర్శకం = అవతలి వస్తువు కనిపించేటట్లు ఉండేది
విద్యుద్వాహకం = విద్యుత్తును ప్రవహింపజేసేది
చోదకుడు = వాహనం నడిపేవాడు
చుక్కాని = నౌక దిశను మార్చే సాధనం
త్యజించు = విడిచిపెట్టు
సమన్వయం = పొందిక

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కారులోని మీటకూ, తెరకూ గల భేదాన్ని ఇంద్రియధర్మాల ఆధారంగా వివరించండి.
2. టచ్‌స్క్రీన్ వలన కలిగే ప్రయోజనాలను, ప్రమాదాలను తెలిపి మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. స్వీడన్ పత్రిక జరిపిన పరీక్షనూ, దాని ఫలితాలనూ వివరించండి.
2. జాన్ ఎస్. మెకెయిన్ నౌక ఉదంతం వలన తెలిసిన విషయాలేమిటి?
3. జర్మనీ న్యాయస్థానం తీర్పు ఏమిటి? దానిపై రచయితకు కలిగిన ధర్మసందేహం ఏది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. పగ్గం ఎక్కడుందో కళ్ళతో వెతుక్కొనేవాడు సారథి కాలేడు.
2. మీట కన్నుకు విశ్రాంతినిస్తే, తెర కన్నుకు చాకిరి పెంచింది.
3. చట్టం శిక్షించినది చోదకుని మాత్రమే.

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఋతుపర్ణుని రథసారథిగా ఉన్న బాహుకుడు ఎవరు?
2. కారులో మొదటిసారి స్పర్శతెరను ఏ సంవత్సరంలో అమర్చారు?
3. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లకు కారు ఎంత దూరం పోతుంది?
4. యూరో ఎన్‌క్యాప్ నియమం ప్రకారం మీటలు ఉండవలసిన అయిదు అంశాలు ఏవి?

ఉ) సంధులు
పురాణేతిహాసాలు = పురాణ + ఇతిహాసాలు - గుణసంధి
నలోపాఖ్యానం = నల + ఉపాఖ్యానం - గుణసంధి
విభాగాధిపతి = విభాగ + అధిపతి - సవర్ణదీర్ఘసంధి
విద్యుద్వాహకం = విద్యుత్ + వాహకం - జశ్త్వసంధి
కాలమిది = కాలము + ఇది - ఉత్వసంధి

ఊ) సమాసాలు
లాభనష్టాలు = లాభమును నష్టమును - ద్వంద్వ సమాసం
రెప్పపాటు = రెప్ప యొక్క పాటు - షష్ఠీ తత్పురుష సమాసం
కుడిచేయి = కుడిదైన చేయి - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఋ) భాషాకృత్యం
మీ ఇంట్లోగాని, కళాశాలలోగాని ఉన్న ఏవైనా మూడు యంత్రాలను పరిశీలించండి. వాటిని కళ్ళు మూసుకొని నడపగలమా, లేదా అన్నది గమనించి, కారణాలతో ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.